కడుపుతో ఉన్నవాళ్లకు కర్రీ పాయింట్ కూరలు: ఏవి కొనొచ్చు, ఏవి వదిలేయాలి

వేవిళ్ల రోజుల్లో పోపు వాసన తగిలితేనే కడుపులో తిప్పుతుంది. పొయ్యి దగ్గర నిలబడలేరు. ఎనిమిదో నెల వచ్చేసరికి కాళ్ల వాపులు, నడుం నొప్పి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో, అమ్మ ఊళ్లో, అత్తగారు మరో ఊళ్లో ఉన్నప్పుడు, సందు చివరి కర్రీ పాయింటే దిక్కవుతుంది. అన్నం ఇంట్లో కుక్కర్‌లో పెట్టుకుని పప్పు, కూర, సాంబారు కవర్లలో తెచ్చుకోవడం అమీర్‌పేట, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్‌లలోనే కాదు, విజయవాడలో, విశాఖలో కూడా మామూలైపోయింది. ప్యాకెట్ 30 నుంచి 60 రూపాయలు. ఇద్దరికి సరిపోతుంది.

కర్రీ పాయింట్ల మీద రాసేవాళ్లు రుచి, నూనె, పరిమాణం, ధర చూస్తారు. గర్భిణికి అవి రెండో వరసలోకి వెళ్తాయి. ఆమె మొదట అడగాల్సింది ఒక్కటే: ఈ కూర పొయ్యి మీంచి దిగి ఎంతసేపైంది, అప్పట్నుంచి ఎంత వేడిలో ఉంది? అందుకే ఈ రివ్యూ ఏ ఒక్క దుకాణం గురించీ కాదు, కర్రీ పాయింట్ అనే ఏర్పాటు గురించి. మా తీర్పు ముందే చెప్పేస్తాం. దుకాణం తెరిచిన మొదటి గంటలో కొన్న పప్పు, పులుసు, గ్రేవీ కూరలు ఇంటికొచ్చి మళ్లీ తెర్లబెట్టుకుని తింటే నిశ్చింతగా వాడుకోదగ్గ సౌకర్యమే. రోటి పచ్చళ్లు, పెరుగు పచ్చడి, పచ్చి పులుసు మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. రాత్రి 9 దాటాక మిగిలిన గిన్నెల్లోంచి ఏదీ వద్దు.

గర్భిణికి వేరే లెక్క ఎందుకు

కడుపులో బిడ్డను శరీరం పరాయిదిగా చూడకుండా ఉండేందుకు గర్భిణి రోగనిరోధక వ్యవస్థ తీరు మారుతుంది. ఆ మార్పును వాడుకునే క్రిముల్లో మొదట చెప్పుకోవాల్సింది లిస్టీరియా. మామూలు మనుషులతో పోలిస్తే గర్భిణులకు ఈ ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం దాదాపు 10 రెట్లు ఎక్కువ. తల్లికి కాస్త జ్వరం, ఒళ్లు నొప్పులుగా వచ్చి పోవచ్చు. బిడ్డకు మాత్రం గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు, కడుపులోనే చనిపోవడం దాకా వెళ్తుంది. ఈ క్రిమికి రెండు చెడ్డ గుణాలున్నాయి. ఫ్రిజ్ చలిలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది. తిన్న తర్వాత లక్షణాలు బయటపడడానికి 70 రోజుల వరకు పట్టవచ్చు. 2017-18లో దక్షిణాఫ్రికాలో పోలోనీ అనే ప్రాసెస్ చేసిన మాంసం వల్ల వెయ్యిమందికి పైగా జబ్బుపడ్డారు, 200 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో అప్పుడే పుట్టిన పసికందులు చాలామంది. ఒక్క మంచి గుణం కూడా ఉంది: లోపలిదాకా 75 డిగ్రీల వేడి తగిలితే లిస్టీరియా చచ్చిపోతుంది.

మన నేలకు అంతకంటే దగ్గరి ప్రమాదం హెపటైటిస్ ఇ. మురుగు కలిసిన నీళ్లతో వచ్చే కామెర్లు ఇవి. 2005లో హైదరాబాద్‌లోనే ఇవి ప్రబలాయి. మిగతావాళ్లకు కొన్ని వారాల్లో తగ్గిపోయే ఈ కామెర్లు ఆఖరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, నూటికి 20 నుంచి 25 మంది ప్రాణాలు పోయే ముప్పుంది. కాబట్టి కాయని నీళ్లు తగిలిన ప్రతి పదార్థాన్నీ, అది పచ్చడైనా, ఐసు ముక్కైనా, ఈ కళ్లతోనే చూడాలి. గుడ్లు, కోడిమాంసంతో వచ్చే సాల్మొనెల్లా అనే క్రిమి, సరిగా ఉడకని మాంసంతోనూ మట్టి అంటిన కూరలతోనూ వచ్చే టాక్సోప్లాస్మా అనే క్రిమి కూడా లెక్కలో ఉన్నాయి. వాటి సంగతి ఆయా వంటకాల దగ్గర చూద్దాం.

గిన్నె వెనక ఏం జరుగుతుంది

మధ్యాహ్నం అమ్మే కూరలు చాలాచోట్ల పొద్దున 8 నుంచి 11 మధ్య వండుతారు. సాయంత్రానివి 3 తర్వాత మొదలవుతాయి. కొన్ని దుకాణాలకు వెనకే వంటగది ఉంటుంది. రెండు మూడు బ్రాంచీలున్నవాళ్లు ఒకచోట వండి ఆటోలో గిన్నెలు పంపుతారు. అంటే మీరు 1 గంటకు కొన్న బెండకాయ వేపుడు మూడు, నాలుగు గంటల కిందటిది కావచ్చు. ఇదేమీ మోసం కాదు, ఆ వ్యాపారం నడిచే తీరే అంత. చూడాల్సింది ఆ మూడు గంటలూ దాన్ని ఎలా ఉంచారన్నదే.

వండిన తిండికి 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడి ప్రమాదకరం. క్రిములు అక్కడ వేగంగా పెరుగుతాయి. అమ్మకానికి పెట్టిన వేడి పదార్థాలు 60 డిగ్రీలకు తగ్గకూడదన్నది తిండి భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం. వేడి చేయకుండా బయట పెట్టిన తిండిని 2 గంటల్లో తినేయాలి, చుట్టూ వేడి 32 డిగ్రీలు దాటితే గంటలోనే. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా పగలంతా ఆ గంట లెక్కే నడుస్తుంది. మంచి దుకాణంలో గిన్నెలు వేడి నీళ్ల తొట్టిలో కూర్చుని ఉంటాయి, కింద మంట గానీ కరెంటు కాయిల్ గానీ ఉంటుంది. ఎక్కువచోట్ల అది ఉండదు. బల్ల మీద వరసగా స్టీలు గిన్నెలు, వాటి మీద మూతలు, అంతే. మూత పెట్టిన పెద్ద గిన్నెలో నిండా సాంబారుంటే చాలాసేపు వేడిగానే ఉంటుంది. వెడల్పు పళ్లెంలో పలచగా పరిచిన దొండకాయ వేపుడు మాత్రం ఇట్టే చల్లారిపోతుంది. ఒకే బల్ల మీద, ఒకే సమయంలో దించిన రెండు కూరల్లో ఒకటి భద్రంగా, ఒకటి ప్రమాదంగా ఉండటానికి కారణమిదే.

"ఇంటికెళ్లి వేడి చేసుకుంటే సరిపోతుంది కదా" అంటారు చాలామంది. సగం నిజం. లిస్టీరియా, సాల్మొనెల్లా, హెపటైటిస్ ఇ వైరస్ బాగా తెర్లిస్తే చస్తాయి. కానీ అన్నంలో, పప్పు దినుసుల్లో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి విత్తనంలాంటి రూపంలో మొదటి ఉడుకునే తట్టుకుంటుంది. చల్లారుతున్న గిన్నెలో మళ్లీ లేచి, వాంతులు తెప్పించే విషాన్ని వదులుతుంది. చేతుల మీంచి, ముక్కు మీంచి వచ్చే స్టెఫైలోకాకస్ కూడా ఇలాంటి విషాన్నే వదులుతుంది. క్రిమి చచ్చినా ఆ విషం ఎంత మరిగించినా పోదు. వేవిళ్లతో ఇప్పటికే నీరసించిన మనిషికి అలాంటి వాంతులు తోడైతే ఒంట్లో నీళ్లు తగ్గిపోయి ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వస్తుంది. అందుకే త్వరగా కొనడం, మళ్లీ తెర్లబెట్టడం, రెండూ కావాలి. ఒకటి చేసి రెండోది మానేస్తే లాభం లేదు.

అన్నిటికంటే చెడ్డ అలవాటు, అడుగున మిగిలిన కూర మీద కొత్త కూర కుమ్మరించడం. పొద్దుటి కూరలో పెరిగిన క్రిములు సాయంత్రం కూరకు తోడు పెట్టినట్టు అంటుకుంటాయి. గిన్నె అంచు చూస్తే తెలిసిపోతుంది. పైన ఎండిపోయి నల్లబడిన ఒక గీత, దాని కింద మరో గీత, కింద తాజా కూర ఉంటే అది రెండు పూటల గిన్నె. అలాంటి దుకాణానికి గర్భిణి కోసం మళ్లీ వెళ్లొద్దు.

నిలబడి చూడాల్సినవి

కౌంటర్ దగ్గర రెండు నిమిషాలు నిలబడితే చాలా తెలుస్తుంది. మూత తీయగానే ఆవిరి ముఖానికి తగలాలి. ప్రతి గిన్నెకూ దాని గరిటె దానికుండాలి. చికెన్ గరిటెతోనే పప్పు వడ్డిస్తుంటే బయటికొచ్చేయండి. డబ్బులు తీసుకునే చెయ్యే కవర్ నోరు ఊది తెరవడం చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ ఊదిన గాలి, ఆ నోటి తుంపరలు కూరలోకే వెళ్తాయి. కవర్ ఊదొద్దని మర్యాదగా అడగండి, మంచివాళ్లయితే మానేస్తారు. ఇంకా మంచి పని, ఇంటి నుంచి స్టీలు క్యారియర్ తీసుకెళ్లడం. పొగలు కక్కే సాంబారును పలచటి ప్లాస్టిక్ కవర్లో పోయించుకోవాల్సిన బాధ తప్పుతుంది. బజ్జీలు, పూరీలు న్యూస్‌పేపర్‌లో చుట్టి ఇస్తే తీసుకోవద్దు. సిరాలోని రసాయనాలు నూనెతో పాటు తిండిలోకి దిగుతాయి, అందుకే తినే పదార్థాలను వార్తాపత్రికల్లో చుట్టకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెబుతోంది.

గోడ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి. 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూసుకోవచ్చు, ఫిర్యాదు కూడా అందులోనే చేయొచ్చు. ఆ నంబరు ఉన్నంత మాత్రాన ఈ రోజు కూర మంచిదని కాదు. లేకపోతే మాత్రం అక్కడ కొనకపోవడానికి అదొక్కటే చాలు.

సమయం ఎవరినీ అనుమానించకుండానే అడగొచ్చు. "అన్నా, వేడి వేడి గిన్నెలు ఎన్నింటికి దించుతారు? ఇంట్లో కడుపుతో ఉన్నారు, అప్పుడే వస్తాం" అంటే ఎక్కువమంది నిజమే చెబుతారు. ఏ కూర ముందు తయారైంది, ఏది ఇప్పుడే దిగింది అన్నది కూడా వాళ్లే చూపిస్తారు. రోజూ కొనే ఇంటికి ఈ ఒక్క మాట చాలా పనికొస్తుంది.

ఒక్కో గిన్నె

*పప్పు, పప్పుచారు, సాంబారు, రసం.* కర్రీ పాయింట్‌లో గర్భిణి కొనదగ్గ వాటిలో మొదటివి ఇవే. చాలాసేపు ఉడుకుతాయి, చింతపండు, టమాటా పులుపు ఉంటుంది, ఇంట్లో మళ్లీ తెర్లించడం తేలిక. పాలకూర పప్పు, తోటకూర పప్పు, గోంగూర పప్పు అయితే ఫోలేటు, ఇనుము కూడా కాస్త అందుతాయి. ఆకుకూర సరిగా కడగలేదేమోనని భయపడేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. టాక్సోప్లాస్మా పచ్చి ఆకులోని మట్టిలో ప్రమాదం, కుతకుత ఉడికిన ఆకులో కాదు. ముద్దపప్పు విషయంలోనే కాస్త జాగ్రత్త. చిక్కగా ఉండటం వల్ల పైన చల్లారినా లోపల గోరువెచ్చగా గంటలకొద్దీ నిలుస్తుంది. ఆలస్యంగా వెళ్తే అది వదిలి సాంబారు తీసుకోండి.

*వేపుళ్లు.* బెండకాయ, దొండకాయ, ఆలుగడ్డ వేపుళ్లలో నీళ్లు తక్కువ, కాబట్టి క్రిములు పెరగడం కాస్త నెమ్మది. అయితే ఇవే ముందు చల్లారతాయి, పైన చల్లిన కొబ్బరి, వేరుశనగ పొడి, కొత్తిమీర ఉడికినవి కావు. మళ్లీ మళ్లీ కాచిన నూనె సంగతి కూడా ఉంది. కాచిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు (నూనె మళ్లీ మళ్లీ కాగడంతో పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి నియమం ఉంది. మీరు కొలవలేరు గానీ, నల్లగా, జిగటగా, నురగ కట్టే నూనెను కంటితో గుర్తుపట్టగలరు. ఆఖరి నెలల్లో గుండెల్లో మంటతో నిద్రపట్టనివాళ్లు వేపుడు బదులు పులుసు కూర తీసుకోవడమే సుఖం.

*గుత్తి వంకాయ, ఆలూ టమాటా, మిక్స్‌డ్ వెజ్.* మొదటి గంటలోనివైతే మంచివే. పనీర్ కూర అయితే పనీర్ ముక్కలు గ్రేవీలో ఉడికాయా, చివర్లో పైన వేశారా చూడండి. ఇంట్లో మళ్లీ తెర్లబెట్టేస్తే ఆ అనుమానం కూడా పోతుంది.

*కోడిగుడ్డు పులుసు.* గర్భిణికి మాంసకృత్తులు చవగ్గా అందించే కూర. గుడ్డు పూర్తిగా గట్టిపడి ఉండాలి, కోస్తే పచ్చసొన పొడిపొడిగా రావాలి. పొద్దున ఉడికించి పొట్టు ఒలిచిన గుడ్లను బల్ల మీద ఉంచి, అడిగినప్పుడల్లా పులుసులో వేసి ఇచ్చే దుకాణాలున్నాయి. ఒలిచిన గుడ్డుకు పెంకు రక్షణ ఉండదు, పట్టిన ప్రతి చెయ్యీ దానికంటుతుంది. పులుసులో ఉడికిన గుడ్డునే అడగండి. ఇంట్లో రెండుగా కోసి పులుసులో మళ్లీ మరిగించండి.

*చికెన్, మటన్.* ఎముక దగ్గర ఎర్రటి రసం కనిపిస్తే తినొద్దు. మాంసాన్ని 75 డిగ్రీల దాకా తీసుకెళ్లాలి, లేదా 70 డిగ్రీల దగ్గర కనీసం 2 నిమిషాలు ఉంచాలి. పులుసుగా వండిన చికెన్‌లో ఇది సమస్య కాదు, ఫ్రై పీసుల్లో, కబాబుల్లో సమస్యే. మాంసం మెత్తబడటానికి కలిపే కొద్దిపాటి పచ్చి బొప్పాయి ముద్ద గురించి భయం అక్కర్లేదు, వేడికి దాని ఎంజైములు పని మానేస్తాయి. పచ్చి బొప్పాయిని కూరగా, సలాడ్‌గా తినడం మాత్రం మానాలి. అందులోని పాలు గర్భసంచిని ముడుచుకునేలా చేస్తాయని జంతువుల మీద చేసిన పరీక్షల్లో తేలింది. బాగా పండిన బొప్పాయిలో ఆ పాలు దాదాపు ఉండవు, మామూలు మోతాదులో తింటే ఇబ్బంది లేదు. నువ్వులు, అనాస తింటే కడుపు పోతుందన్న మాటకు ఆధారం లేదు.

*లివర్ ఫ్రై.* దీని దగ్గర కాస్త ఆగాలి. రక్తం తక్కువగా ఉందని డాక్టరు చెప్పగానే మన ఇళ్లలో మొదట తెచ్చేది మేక కార్జం. ఇనుము బాగా ఉన్న మాట నిజమే. కానీ అందులో విటమిన్ ఎ ఎంత ఎక్కువంటే, 100 గ్రాముల కార్జంలోనే గర్భిణికి రోజుకు దాటకూడని 3,000 మైక్రోగ్రాములను మించిపోతుంది, చాలాసార్లు రెట్టింపు కూడా అవుతుంది. మొదటి మూడు నెలల్లో, బిడ్డ అవయవాలు ఏర్పడే సమయంలో, ఈ రూపంలోని విటమిన్ ఎ ఎక్కువైతే పుట్టుక లోపాలకు దారితీయవచ్చు. అందుకే బ్రిటన్ ఆరోగ్య శాఖ గర్భిణులను లివర్ పూర్తిగా మానేయమంటుంది. ఆకుకూరల్లో, క్యారెట్‌లో ఉండే రకంతో ఈ ప్రమాదం లేదు. రక్తానికి నమ్మకమైన దారి నాలుగో నెల నుంచి రోజూ వేసుకునే ఐరన్ ఫోలిక్ మాత్రే, అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. దాన్ని టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోవద్దు. నిమ్మరసంతోనో జామకాయతోనో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది.

*చేపల పులుసు.* మంచి కూర. బిడ్డ మెదడుకు కావాల్సిన కొవ్వులు చేపలో ఉంటాయి. చూసుకోవాల్సింది పాదరసం. పెద్ద చేప చిన్న చేపలను తింటూ బతికినంత కాలం దాన్ని ఒంట్లో పోగేసుకుంటుంది. సొర చేప వద్దు. వంజరం పెద్ద జాతి, ఎప్పుడో ఒకసారి సరే, వారం వారం వద్దు. శీలావతి, బొచ్చె, కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు లాంటివి వారానికి రెండు మూడు సార్లు, మొత్తం 225 నుంచి 340 గ్రాముల దాకా తినొచ్చు. ఏ చేపో చెప్పలేని దుకాణంలో చేపల పులుసు కొనొద్దు. నిన్నటి చేపల పులుసు ఈరోజు రుచిగా ఉంటుందన్న మాట గర్భిణికి వర్తించదు.

*రోటి పచ్చళ్లు, పెరుగు పచ్చడి, పచ్చి పులుసు.* ఇవే అందరికీ నోరూరించేవి, ముఖ్యంగా పులుపు మీద మనసు లాగే నెలల్లో. అయినా మానాల్సింది ఇవే. దోసకాయ పచ్చడిలో పచ్చి దోసకాయ ముక్కలు కలుపుతారు. పచ్చి పులుసులో చింతపండు పిసికిన నీళ్లు, పచ్చి ఉల్లిపాయ ఏవీ పొయ్యి ఎక్కవు, ఆ నీళ్లు ఎక్కడివో మీకు తెలియదు. టమాటా, బీరకాయ వేయించి రుబ్బినా, రోలో మిక్సీయో కడిగిన నీళ్లు, రుబ్బేటప్పుడు పోసిన నీళ్లు కాచినవి కావు. పెరుగు పచ్చడి గంటలకొద్దీ ఎండవేడిలో ఉంటుంది. వీటిని ఇంట్లో తెర్లబెడదామన్నా కుదరదు. అంటే మిగతా కూరలకు ఉన్న రెండో రక్షణ వీటికి లేదు. టిఫిన్ సెంటర్లో కొబ్బరి చట్నీకీ ఇదే మాట. పొగలు కక్కే ఇడ్లీ భేషుగ్గా తినొచ్చు, చట్నీ బదులు మరిగిన సాంబారో, కారప్పొడీ నెయ్యో వేసుకోండి. బిర్యానీతో వచ్చే రైతా, ఉల్లిపాయ చక్రాలు, కీరా కూడా పక్కన పెట్టేయాలి. పులుపు కావాలంటే ఇంట్లో కడిగి కోసిన నిమ్మకాయ ఉంది, ఆవకాయ ఉంది. ఆవకాయలో ఉప్పు, నూనె, పులుపు వల్ల క్రిములు పెరగడం కష్టం. బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు చూసుకుని చిటికెడుతో సరిపెట్టుకోవాలి.

*అన్నం, పులిహోర, చిత్రాన్నం.* అన్నం ఇంట్లోనే వండుకోండి. కుక్కర్‌లో అరగంట పని. కొన్న అన్నం ప్యాకెట్‌లో బాసిల్లస్ సంగతి పైన చెప్పాం, అది వాసనతోనూ రుచితోనూ తెలియదు. చింతపండు పులిహోరలో పులుపు కొంత కాపాడుతుంది, అది కూడా కలిపిన గంటలోపైతేనే.

ఇంటికి తెచ్చాక

కవర్లో ఉన్నది కవర్లోనే మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. స్టీలు గిన్నెలోకి వంపి, పొయ్యి మీద పెట్టి, అంచుల్లోనే కాదు నడిమధ్యలోనూ బుడగలు వచ్చేదాకా కాచి, అప్పట్నుంచి 2, 3 నిమిషాలు గరిటెతో తిప్పుతూ మరగనివ్వాలి. గట్టి కూరైతే అరగ్లాసు కాచిన నీళ్లు కలపండి, లేకపోతే అడుగు మాడుతుంది, మధ్యలో చల్లగానే ఉంటుంది. వేపుడును బాణలిలో పలచగా పరిచి, చెయ్యి పెడితే కాలేదాకా వేడి చేయండి. మైక్రోవేవే దిక్కయితే గాజు గిన్నెలో పెట్టి, మూత వేసి, సగంలో ఆపి కలిపి మళ్లీ పెట్టాలి. అది అక్కడక్కడా చల్లని గూళ్లు మిగిలిస్తుంది. లోపలికి గుచ్చే డిజిటల్ థర్మామీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఈ నెలల్లో అదొకటి ఇంట్లో ఉంటే ఊహ అవసరం లేదు, కూర మధ్యలో 75 చూపించాలి.

మిగిలితే దాచొద్దు. మీ ఇంట్లో ఇప్పుడే వండిన పప్పును చిన్న గిన్నెల్లో త్వరగా చల్లార్చి, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు ఒకసారి బాగా వేడిచేసి తినొచ్చు. కర్రీ పాయింట్ కూరకు ఆ గడువు దుకాణంలోనే అయిపోయింది. చిన్న ప్యాకెట్ అడగండి, ఇంట్లో మిగతావాళ్లు ఆ పూటకే తినేయాలి. యాప్‌లో ఆర్డర్ చేస్తే, గిన్నెలో ఉన్న సమయానికి బండి మీద గడిచిన ముప్పావుగంట కూడా కలుపుకోండి. మధ్యాహ్నం 12కే పెట్టే ఆర్డరు 2:30కి పెట్టే ఆర్డరుకంటే ఎంతో నయం.

అదే సందులో మిగతావి

కర్రీ పాయింట్ పక్కనే జ్యూస్ సెంటర్, దాని పక్కన పానీపూరీ బండి ఉంటాయి కాబట్టి వాటి మాట కూడా. పానీపూరీలో పూరీతో గొడవ లేదు, పానీతోనే. హెపటైటిస్ ఇ గురించి చదివాక దానికి వేరే వివరణ అక్కర్లేదు. చెరకు రసం, ఐసు వేసిన జ్యూసులు, ముందే కోసి పెట్టిన పండ్ల ముక్కలు వద్దు. మీ ముందు కొట్టిన కొబ్బరిబోండాం, మీరే ఒలుచుకునే అరటిపండు, బత్తాయి బంగారం. పార్కుల దగ్గర పొద్దున్నే అమ్మే మొలకలు ఆరోగ్యమని గర్భిణికి ప్రత్యేకంగా తెచ్చిపెడతారు. పచ్చి మొలకలు వద్దు. గింజ మొలకెత్తే తడి, వెచ్చదనం క్రిములకూ అనుకూలమే, గింజ లోపల చేరినవి కడిగితే పోవు. ఆవిరి మీద ఉడికించి తినండి.

షవర్మా, మోమోలు, సాండ్‌విచ్‌లలో వచ్చే మయోనైజ్ పచ్చి గుడ్డుతో చేసేది. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిన్న ఒక మహిళ మరణించాక తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్ల మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. నిషేధం ఉన్నా లేకున్నా గర్భిణికి అది వద్దు. బేకరీలో బల్బు కింద గోరువెచ్చగా ఉంచిన ఎగ్ పఫ్ కూడా అంతే, ఆ బల్బు వేడి 60కి చేరదు. కాఫీ, టీ మానక్కర్లేదు, అన్నీ కలిపి కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. మామూలుగా రెండు చిన్న కప్పుల కాఫీకి అది సరిపోతుంది.

కర్రీ పాయింట్‌కు ప్రత్యామ్నాయం ఉందా అంటే, చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్య లక్ష్మి పథకం కింద అంగన్‌వాడీ కేంద్రంలో గర్భిణులకు మధ్యాహ్నం పూర్తి భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు ఇస్తారు. ఆ పూటే అక్కడే వండి, అక్కడే కూర్చోబెట్టి పెట్టే భోజనం కావడంతో, పొయ్యికీ పళ్లానికీ మధ్య సమయం ఏ కర్రీ పాయింట్‌లోనూ అంత తక్కువ ఉండదు. ఇంటి దగ్గర ఉండే గర్భిణులు పేరు నమోదు చేయించుకోవాలి.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి

రెండు మూడు విరేచనాలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసిన కొలత ప్రకారం కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగుతుండాలి. విరేచనాలు ఆపే మాత్ర సొంతంగా వేసుకోవద్దు. నీళ్లు కూడా నిలవకుండా వాంతులైనా, మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం పడినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. కళ్లు పచ్చబడినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా గంట కూడా ఆగొద్దు. జలుబు, దగ్గు లేకుండా జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే పారాసెటమాల్ వేసుకుని ఊరుకోకుండా చూపించుకోండి, రక్తంలో క్రిములున్నాయేమో చూసే కల్చర్ పరీక్ష గురించి అడగండి. లిస్టీరియా అయితే పెన్సిలిన్ జాతి మందులతో నయం చేయొచ్చు, ఎంత త్వరగా మొదలుపెడితే బిడ్డకు అంత మేలు. నిన్న తిన్నది ఒక్కటే చెబితే చాలదు. గత రెండు నెలల్లో బయట తిన్న పనీర్, చీజ్, చల్లటి మాంసం, ఫ్రిజ్‌లో నిల్వ ఉన్న కూరలు గుర్తున్నంతవరకు డాక్టరుకు చెప్పండి.